బదనిక కట్టు

“మళ్లీ ఆకేనా, జోగీ?” అంది అన్నపూర్ణ, ఉప్పు తూచడం ఆపి.

జోగి దుకాణం ముందు గంప దించింది. గంప నిండా బదనిక. ఇప్పచెట్ల కొమ్మలను కరుచుకుని, మట్టి తగలకుండా గాలిలోకే వేళ్లు వదిలి బతికే మొక్క అది. దాని ఆకు నూరి కడితే విరిగిన ఎముక అతుక్కుంటుందని చింతలనార్ చుట్టుపక్కల అందరి నమ్మకం. ఊరి దగ్గరి చెట్ల మీద అయిపోవడంతో జోగి ఇప్పుడు వాగు దాటి పోయి తెస్తోంది.

ఆమె కొడుకు దేవా ఎండాకాలంలో చింతపండు రాలుస్తూ కొమ్మ విరిగి కింద పడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. వానలు వెళ్లిపోయాయి, వరికోతలు కూడా వచ్చాయి. వెదురుబద్దల కట్టు మాత్రం ఊడలేదు. ఎదిగిన కొడుకు కొడవలి పట్టలేక గట్టున కూర్చుంటే, తల్లి ఒక్కతే కోస్తోంది.

అన్నపూర్ణ కోంటా నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన నాటి స్నేహం వాళ్లది. బచేలిలో తన మరిది గని ఉద్యోగంలో ఉన్నాడని, అక్కడి పెద్దాసుపత్రిలో చూపిద్దామని ఎన్నిసార్లో చెప్పింది. ఈ ఆకు అయిపోనీ అనేది జోగి. అది అయ్యేలోపే ఇంకో గంప తెచ్చేది.

ఆ ఏడు ఊళ్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. తుపాకులు పట్టుకున్న మనుషులు వచ్చి ఇంటికొక పడుచువాణ్ని తమతో పంపమంటున్నారు. సోమక్క కొడుకు బుధ్రాం అలా వెళ్లి మళ్లీ కనబడలేదు. ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కూడా తగ్గిపోయింది.

సంతనాడు వాళ్లు జోగి ఇంటికీ వచ్చారు. ఒకడు దేవా కట్టు మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. దేవా కేక పెట్టాడు. ఈ చెయ్యి ఎందుకూ పనికిరాదని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఆ మాట చెవిన పడ్డాక అన్నపూర్ణ ఉండబట్టలేకపోయింది. మర్నాడే బచేలికి పోయే జీపు మాట్లాడి జోగి ఇంటికి వెళ్లింది. దేవా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జోగి రాతి మీద ఆకు నూరుతోంది. జీపు ఆగి ఉందని, ఇద్దరూ వెంటనే బయల్దేరాలని చెప్పింది అన్నపూర్ణ. జోగి తల ఎత్తలేదు.

“నువ్వు తల్లివేనా? ఏంది నీ మొండితనం? ఆకు పిచ్చితోటి పిలగాణ్ని అవిటోణ్ని చేస్తున్నవ్.”

జోగి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆకు నూరుతూనే ఉంది. ఇక ఆమెతో పనిలేదనుకుని అన్నపూర్ణ దేవా పక్కన కూర్చుంది, కట్టు తాడు తనే విప్పబోయింది. జోగి ఒక్క ఊపున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. బాటవైపు చూసింది. అటూ ఇటూ ఎవరూ లేరు. వంగి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

“ఎముక ఎప్పుడో అతుక్కున్నది, అక్కా.”