పెట్టెకి తాళం వేసిన రోజు

"వాడికి కొరడా చూపించావంటే నీ చెయ్యి విరిచేస్తా కోరీ!"

కంచె మీదకి సగం వాలిపోయి మరీ అరిచింది ఒడీల్. జాకీ కోరీ పకపకా నవ్వాడు. చాన్నాళ్ళు ఆవిడ గుర్రాలెక్కినవాడే, ఆ తిట్లు కొత్తేం కాదు.

"మరేం చెయ్యమంటావక్కా?"

"మలుపు దాటాక వీడి పక్కన ఇంకో గుర్రం ఉండాలి. ఒక్కడే ముందుకెళ్ళాడా, పెళ్ళింట్లో తప్పిపోయిన చుట్టంలా దిక్కులు చూస్తాడు. ఎవడో ఒకణ్ణి పక్కనే ఉంచుకో. గెలుపు గీత దగ్గరపడ్డాక ఈల వెయ్యి. చాలు."

కంచెకి అవతల టోపీ నలుపుకుంటున్న వెండెల్ మొహం మాడిపోయింది. కెంటకీ నుంచి వచ్చిన ట్రైనర్, ఇక్కడ న్యూ ఆర్లీన్స్‌లో ఆవిడ పక్క షెడ్డే.

"ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావ్?"

"అడిగితే చెప్పేదానివా?"

"చచ్చినా చెప్పేదాన్ని కాదు. గంబో పులుసు చల్లారిపోతోంది, తిను."

"తర్వాత తింటాలే ఒడీల్. నీకు భయం లేదా?"

"టిన్ రూఫ్ గెలుస్తాడు. భయం దేనికి?"

వాడు ఆవిడ పెరట్లోనే పుట్టాడు, రేకుల కప్పు మీద వాన దంచికొడుతుంటే. అందుకే ఆ పేరు. మోకాళ్ళు వంకరని అందరూ నవ్వారు. అలాంటి చవక గుర్రాల బతుకు ఏడాదంతా సంత బతుకే! పందేనికి ముందు పెట్టెలో చీటీ వేసి, ఆ పందేనికి పెట్టిన ధర కట్టినవాడు, పందెం అవగానే గుర్రాన్ని తోలుకుపోతాడు. కాదనడానికి లేదు. ఇవాళ మాత్రం పెట్టెకి తాళం, చీటీల్లేవు. ఇవాళ ఈ చవక గుర్రాలకే కిరీటాలు, వీళ్ళకే బ్యాండు మేళం!

"ఓడితే మళ్ళీ ఆ చీటీ పందేలకే," గొణిగాడు వెండెల్. "వచ్చే వారమే."

"తెలుసు."

"ఎవడో ఒకడు చీటీతో కాచుక్కూచుంటాడు."

"అదీ తెలుసు. అందుకే గెలవాలి. గెలిస్తే పెద్ద పందేలకి వెళ్తాడు. అక్కడ చీటీలుండవు. షెడ్డు నుంచి షెడ్డుకి తిరిగే ఖర్మ ఉండదు."

గుర్రాల ముందు గేటు తలుపులు ఫట్‌మని తెరుచుకున్నాయి.

టిన్ రూఫ్ ఐదోవాడుగా మొదలెట్టాడు. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. మలుపులో మూడోవాడు. ఎర్ర టోపీ జాకీ గుర్రం పక్కకి చేరాడు, దాని భుజానికి భుజం ఆనించినట్టే పరిగెత్తాడు, దాన్ని వదల్లేదు, దాటనూ లేదు.

"ఇప్పుడే వదలమను!" వెండెల్ అరిచాడు.

"నోర్ముయ్! ఆగు... ఆగు..."

జనం గోలలో కూడా వినబడింది కోరీ ఈల. వంకర మోకాళ్ళు ఒక్కసారిగా సాగాయి. తల తేడా! ఒక్క తల తేడాతో గెలుపు!

వెండెల్ కంచె మీంచి ఒడీల్‌ని కౌగిలించుకుని ఏడ్చేశాడు. పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా.

"అయిపోయింది ఒడీల్. ఇక వీణ్ణి చీటీ వేసి ఎవరూ తీసుకుపోలేరు."

"అవును," అంది ఆవిడ. "ఎవరూ."

చెమటతో మెరుస్తూ టిన్ రూఫ్ ఆవిడ ముందు నుంచే వెళ్ళాడు. వెళ్తూ మెడ తిప్పి చూశాడు. ఆవిడ చెయ్యి చాచలేదు. ఫోటోకి రమ్మని మైకులో పిలుస్తున్నారు.

"పోవయ్యా, మొహం తుడుచుకుని వెళ్ళు," అని వెండెల్‌ని ముందుకి తోసింది.

వేసవిలో చీటీ వేసి ఆ గుర్రాన్ని ఆవిడ దగ్గర్నుంచి తోలుకుపోయింది వెండెలే.