పక్కసీటు

మెకానిక్ భార్యను చంపింది డ్రైవరు. అందులో అనుమానం లేదు, వాదన లేదు. ఆ డ్రైవరు మెకానిక్‌కి చిన్ననాటి స్నేహితుడు. అదీ నిజమే.

ఆదివారం పొద్దున్నే మెకానిక్ తన పాత జీపు తీసుకెళ్లి డ్రైవరు ఇంటిముందు ఆపాడు. బ్రేకులు ముందురోజే విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాడు. చేతులకు ఇంకా గ్రీజు వాసన పోలేదు.

డ్రైవరు కూతురు తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి జీపెక్కించింది. కొండ మీద చలిగా ఉంటుందని ఉన్ని టోపీ చెవుల మీదికి లాగింది. తర్వాత మెకానిక్ వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"మీరొక్కరే మామయ్యా, మా నాన్న కోసం ఇంకా వస్తున్నది. మిగతావాళ్లంతా గుమ్మం తొక్కడం మానేశారు. జరిగినదానికి మీ చోట ఇంకొకరుంటే మొహం కూడా చూడరు."

"స్నేహమన్నాక తప్పుతుందా అమ్మా."

ఆమె కళ్లొత్తుకుంది.

"షికారుకి పోతుంటే ఏడుపేంటే?" డ్రైవరు నవ్వాడు. "పోనీ బావా, పోనీ. ఇది ఇలాగే ఏడుస్తుంది, వాళ్లమ్మ పోలిక."

ఊరు దాటాక ఎక్కుడు మొదలైంది.

కొండదారిలో పాత డ్రైవర్లకు ఒక కట్టుబాటు ఉంది. తోలేవాడి పని రోడ్డు చూడటం. పక్కసీటువాడి పని మాట్లాడటం. ఏదైనా సరే, నోరు ఆగకూడదు. నోరు ఆగితే తోలేవాడి రెప్ప పడుతుంది. రెప్ప పడితే లోయ.

డ్రైవరు ఆ కట్టుబాటు మరిచిపోలేదు. కూర్చున్న క్షణం నుంచి వాగుతూనే ఉన్నాడు. సరస్సు కనబడితే చప్పట్లు కొట్టాడు.

"అబ్బ, అద్దం పరిచినట్టుంది బావా!"

మంచు పట్టిన శిఖరం కనబడితే తొడ చరిచాడు. "దాని నెత్తి చూడు, అచ్చం మా మావగారి బట్టతలే!"

వచ్చిన పాట పాడాడు. రాని పాటా పాడాడు. ఆ కొండ పేరేంటని అడిగాడు. మెకానిక్ చెప్పాడు. నాలుగు మలుపులు తిరిగాక మళ్లీ అదే అడిగాడు. మెకానిక్ మళ్లీ చెప్పాడు, పళ్ల మధ్య నుంచి.

నిండు ప్రాణం తీసినవాడు ఇంత హాయిగా పాడుకుంటుంటే ఒళ్లు మండదా? మండింది. కానీ తొందరేం లేదు. ఆ మలుపు ఇంకా పైన ఉంది.

ఆ మలుపు వచ్చింది. అక్కడ ఒక టీ కొట్టు. కొట్టావిడ మెకానిక్‌ని చూసి పలకరించలేదు. రెండు టీలు తెచ్చింది. డ్రైవరు ముందు మాత్రం, అడక్కుండానే, ఒక గ్లాసుడు మంచినీళ్లూ ఒక తువ్వాలూ పెట్టింది. పెట్టి లోపలికి పోయింది.

"మర్యాద తెలిసిన మనిషి," అన్నాడు డ్రైవరు.

టీ తాగి ఇద్దరూ రోడ్డు అంచుకి నడిచారు. కింద లోయ. లోయ అడుగున పెద్ద సరస్సు, నల్లగా, కదలకుండా. అంచు పొడవునా ఇనుప కంచె తుప్పు పట్టి ఉంది. మధ్యలో ఒక్క ముక్క మాత్రం కొత్తది.

డ్రైవరు ఆ ముక్క మీదే వంగి కిందికి తొంగి చూశాడు. మెకానిక్ అతని వీపు మీద చెయ్యి వేశాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. కాస్త బలం పెడితే చాలు.

"ఇది కొత్తగా ఎందుకుందో తెలుసా?"

"ఏదో బండి గుద్ది ఉంటుంది."

"నీ బండే."

డ్రైవరు నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు.

"నా భార్యని పుట్టింటి నుంచి తీసుకొస్తున్నావు. పక్కసీట్లో కూర్చుని ఆవిడ మాట్లాడుతూనే ఉంది. 'చాల్లే చెల్లెమ్మా, నువ్వు పడుకో, ఈ దారి నాకు కళ్లు మూసుకున్నా వచ్చు' అన్నావు. ఆవిడ పడుకుంది. నువ్వూ పడుకున్నావు. ఆస్పత్రిలో నాకీ మాట చెప్పి ప్రాణం వదిలింది."

"అబద్ధం. అబద్ధమని చెప్పు బావా."

"టోపీ తీసి తల తడుముకో."

డ్రైవరు టోపీ తీశాడు. చెవి పైనుంచి నడినెత్తి దాకా కుట్ల గాడి. వేళ్లు దాని వెంట పాకాయి. సగం దాకా వెళ్లి ఆగిపోయాయి. అతను కంకర మీద కూలబడ్డాడు. నెత్తి బాదుకున్నాడు. చెల్లెమ్మా అని అరిచాడు. లోయ ఆ పిలుపుని తిప్పి పంపింది.

మెకానిక్ చేతులు కట్టుకుని చూశాడు. చివరిదాకా చూశాడు.

"తోసెయ్ బావా. నీ కాళ్లు పట్టుకుంటా. నన్నూ ఇక్కణ్ణుంచే తోసెయ్."

"తోస్తే ఒక్కసారితో పోతుంది."

మెకానిక్ తనని క్షమించాడనుకున్నాడు డ్రైవరు. కాళ్లు చుట్టేసుకుని ఇంకా ఏడ్చాడు.

ఏడుపు సన్నబడ్డాక మెకానిక్ కొట్టావిడ పెట్టిన మంచినీళ్లు తెచ్చి తాగించాడు. తువ్వాలుతో మొహం తుడిచాడు. టోపీ పెట్టాడు.

"ఇంకెప్పుడూ నా దగ్గర ఈ మాట అనకు బావా. తట్టుకోలేను."

"ఇక జన్మలో ఈ ఊసెత్తను. ఒట్టు."

దిగుడులో డ్రైవరు నోరు మెదపలేదు. మెకానిక్ కాసేపు చూశాడు.

"మాట్లాడరా. పక్కసీటువాడివి."

కింది సరస్సు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు కిటికీలోంచి మెడ సాచి, "అబ్బ, అద్దం పరిచినట్టుంది బావా, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నన్నిక్కడికి షికారుకి తీసుకురాలేదేం, చెల్లెమ్మని కూడా ఎక్కించుకుని రావాల్సింది" అన్నాడు. మెకానిక్ ఆ ఊసెత్తలేదు, ఎత్తనని పోయిన నెల కూడా ఆ మలుపులోనే ఒట్టేశాడు, అంతకుముందు నెలా వేశాడు, వచ్చే నెలా వేస్తాడు.