నటించొద్దమ్మా

"అమ్మా, నువ్వు నటిస్తున్నావు," అన్నాడు పెజ్మాన్. పొద్దుటి నుంచీ అదే మాట.

అఖ్తర్ కిటికీ దగ్గర నుంచుని ఉంది. కొడుకు తీస్తున్న సినిమాలో ఆమెది తల్లి వేషం. కథంటూ పెద్దగా లేదు. ఒక కుర్రాడు జీవితానికి అర్థం వెతుక్కుంటూ రష్త్ ఊరంతా వానలో తిరుగుతాడు. దొరకదు. ఇంట్లో తల్లి ఎదురుచూస్తుంది. అంతే.

మిగతా సినిమా అంతా తియ్యడం అయిపోయింది. ఈ ఎదురుచూపు ఒక్కటే మిగిలింది. అరువు తెచ్చిన కెమెరా సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఈ ముక్క రాకపోతే రెండేళ్ల కష్టం ఆ వానలో కొట్టుకుపోయినట్టే.

పైగా వీధి కనపడకూడదట. వీధిలో ఏముందో అమ్మ ముఖంలోనే కనపడాలట. అందుకని కెమెరా పట్టిన హూమన్‌ని గది మూల బీరువా పక్కన ఇరికించాడు.

"బెంగ పడమ్మా. నిజంగా."

"ఎదురుగా గుంజలా నుంచుంటే ఎలా పడనురా? ఉన్న బెంగంతా నీ తిండి గురించే. ఆ డొక్క చూడు. హూమన్, నువ్వు చెప్పు నాయనా. వీడు సినిమా తీసేవాడిలా ఉన్నాడా, సినిమాలో పోయేవాడిలా ఉన్నాడా?"

హూమన్ నవ్వు ఆపుకున్నాడు. పెజ్మాన్ నవ్వలేదు. మూడు రోజులుగా ఆమె ఆకుకూరలు, పప్పులు వేసి గంజిలా చిక్కగా ఆష్ కాచి ముందు పెట్టడం, కడుపు నిండితే కళ చస్తుందని అతను గిన్నె తోసెయ్యడం. అఖ్తర్ ఆలోచనలు కొడుకు కడుపులో పుండుతో మొదలై, వాడు పోయిన నలభయ్యోనాటి హల్వా ఎవరు వండుతారన్న దాకా వెళ్లాయి.

చివరికి పెజ్మాన్ విసిగిపోయాడు. హూమన్ చెవిలో ఏదో చెప్పాడు. బ్యాటరీ కొనుక్కుని ఐదు నిమిషాల్లో వస్తానంటూ మెట్లు దిగిపోయాడు.

ఐదు నిమిషాలు గంటయింది. హూమన్ చప్పుడు చెయ్యకుండా తీస్తున్నాడు.

అఖ్తర్ అద్దానికి నుదురు ఆనించింది. "మోటారు సైకిలు గుద్దేసిందేమో," అని గొణిగింది. ఆ తర్వాత తెగిపడిన కరెంటు తీగ. ఆ తర్వాత పొంగిన కాలువ. ఒక్కో చావూ ఆమె ముఖం మీదుగా తీరిగ్గా నడిచి వెళ్లింది. ఆఖరికి తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హూమన్‌కి కూడా ఏడుపొచ్చింది. ముక్కు చీదితే సౌండు పాడవుతుందని కారనిచ్చాడు.

ఉన్నట్టుండి ఆమె కళ్లు తుడుచుకుని కుర్చీలో కూలబడింది. హూమన్ కెమెరా ఆపి, ఫోన్‌లో ఏదో నొక్కాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

పెజ్మాన్ వచ్చి తల్లి చేతులు ముద్దుపెట్టుకున్నాడు.

"ఏమీ అనుకోకమ్మా, కావాలనే వెళ్లాను. చూశావా? నిజమైన బెంగ వేరు. దాన్ని ఎవరూ నటించలేరు."

"అవును నాయనా," అంది అఖ్తర్.

మూడు రోజుల్లో మొదటిసారి, తిన్నావా అని అడగలేదు. అతను గమనించనేలేదు.

ఎదురు వరసలో ఆష్ కొట్టు చూరు కింద నక్కి కూర్చున్న కొడుకు రెండో గిన్నె కూడా అడుగంటా నాకేదాకా, హూమన్ వాణ్ని వెనక్కి పిలవకుండా తను ఏడుస్తూనే ఉండాలని ఆమె ఇందాక కిటికీలోంచి చూస్తూనే నిశ్చయించుకుంది.