నున్నటి బిళ్ళలు

"సంచిలో చెయ్యి పెట్టి అంతసేపు ఏం వెతుకుతున్నారు మామయ్యగారూ?"

కోడలి గొంతులో వెటకారం. మామగారు కంగారు పడలేదు. బొటనవేలితో బిళ్ళని తడిమి తడిమి, తీరిగ్గా బయటికి తీసి తన ముందు నిలబెట్టుకున్నారు.

"వెతకడానికేముందమ్మాయ్! చేతికి ఏదొస్తే అది."

ఏదొస్తే అదట! ఆయన చేతికి వస్తే జడ్డు, లేకపోతే ఎక్సు. తన చేతికి మాత్రం ఎప్పుడూ ఐలూ, యూలే. కోడలికి ఒళ్ళు మండింది.

ఇంగ్లిషు అక్షరాలు గాడిగా చెక్కిన కొయ్య బిళ్ళల్ని సంచిలోంచి తీసి మాటలు పేర్చే ఆట అది. అరుదుగా వాడే అక్షరానికి మార్కులెక్కువ. ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటరు. సాయంత్రం ఆటలో గెలిచినవాళ్ళకే మర్నాడు దాని తాళం. ఆయన గెలిస్తే పాపని బడికి దింపడం ఆయన వంతు. ఆవిడ గెలిస్తే పాపని దింపి, అటే ఆఫీసుకి పోవచ్చు. వరసగా పంతొమ్మిది రోజులుగా ఆవిడ బస్సులో ఒంటికాలి మీద వేలాడుతోంది. వేలాడుతూనే, క్యూ ఉండి యూ లేని మాటలు, జడ్ వచ్చే రెండక్షరాల మాటలు నోట్సు రాసుకుని మరీ బట్టీ పట్టింది. అయినా ఓటమే!

"క్యూ, ఐ. చీ అని చదవాలి. డిక్షనరీలో ఉంది," అని, ఎన్నాళ్ళకో దొరికిన క్యూని కలిపి రెండు బిళ్ళలు టకటకా పెట్టింది.

"ఉంటే ఉండనీ, ఎవరు కాదన్నారు?" అని ఆయన బిళ్ళలు సర్దుతున్నట్టు వాటి మీద వేళ్ళు రాశారు. ఇదొకటి! తను ఏ మాట పేర్చినా ఆయన చెయ్యి దానిమీద పాకాల్సిందే. తర్వాత క్యూ కింద నాలుగు బిళ్ళలు చకచకా పేర్చి, "క్విల్ట్" అన్నారు. ఇరవయ్యో ఓటమి ఖాయమైపోయింది.

ఆ రాత్రి మొగుడితో అనేసింది. "మీ నాన్న దొంగాట ఆడుతున్నారు. ముప్పయ్యేళ్ళు అచ్చాఫీసులో సీసం అక్షరాలు ఏరిన మనిషి. గాడి పడ్డ అక్షరాన్ని వేలితోనే పోల్చేస్తారు. సంచిలో మంచివన్నీ ఏరుకుని, చెత్తంతా నాకు వదుల్తున్నారు."

"మా నాన్నా? దొంగాటా? స్కూటరు కోసం నీకు మతి పోతోంది."

"సరే, రేపు చూద్దురుగాని."

మర్నాడు ఆఫీసు నించి వస్తూ కొత్త పెట్టె కొనుక్కొచ్చింది. ప్లాస్టిక్ బిళ్ళలు. అక్షరాలు చెక్కినవి కావు, పైన అచ్చేసినవి. అద్దంలా నున్నగా ఉన్నాయి. 'ఇంక నా దగ్గర మీ పప్పులుడకవు' అనుకుంది.

ఆయన సంచిలో చెయ్యి పెట్టారు. బొటనవేలు కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇవేంటమ్మాయ్? పాతవేమయ్యాయి?"

"మాసిపోయాయని మార్చాను. ఏం, ఇబ్బందా?"

"అబ్బే, నాకేం ఇబ్బంది!"

అన్నారే గాని, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. దొరికిపోయారు! కోడలికి లోపల పండగ్గా ఉంది. ఆయన ఏడు బిళ్ళలు తీసుకుని, ఒక్కొక్కటీ దీపం వైపు తిప్పారు, ముక్కు దాకా తెచ్చారు, తల పక్కకి వాల్చారు.

"ఎంతసేపండీ?"

"ఆగు, ఆగు." చివరికి అయిదు బిళ్ళలు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకున్నారు. "హౌస్. ఊఁ, రాసుకో."

కోడలు పెన్ను తీసి బల్ల వైపు చూసింది. ఎన్. క్యూ. వీ. ఎస్. ఎఫ్.

ఇదేం వేళాకోళం అని అడగబోయింది. కానీ ఆయన వేళాకోళం ఆడుతున్నట్టు లేరు. తను రాసుకుంటుందని ఎదురుచూస్తున్నారు. పది మార్కుల క్యూని ఓ అనుకుని పారేసుకున్న మనిషి!

"మామయ్యగారూ, ఇక్కడేముందో చెప్పండి," అంది మెల్లగా.

ఆయన బల్ల మీద చెయ్యి ఆడించారు. వేళ్ళకి ఏమీ తగల్లేదు.

"దొంగాట కాదమ్మా," అన్నారు. "తడిమి ఏరుకోలేదు. తడిమి చదువుకున్నాను. ఆర్నెల్లయింది. పక్కలన్నీ బాగానే కనిపిస్తాయి, సూటిగా చూసిందే మాయమైపోతుంది. చెబితే తాళం లాక్కుని ఓ మూల కూర్చోబెడతారని..." జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వే గెలిచావు. అబ్బాయికి చెప్పకు."

కోడలికి ముందు జాలి వేసింది, పెద్దాయన్ని దొంగని చేశానే అని. ఆ తర్వాత చూపు తాళంచెవి మీద పడింది.

"ఆర్నెల్లుగానా? మరి రోజూ పాపని అంత ట్రాఫిక్‌లో..."

"దానికేం భయం లేదమ్మాయ్," అన్నారాయన ధైర్యం చెబుతున్నట్టు. "ఎర్ర లైటో, పచ్చ లైటో వెనక నించి పాపే చెబుతుంది."