బొరియల లెక్క

"అమ్మాయ్, అవి పీతల బొరియలు."

దేదీప్య లాప్‌టాప్ మీంచి తలెత్తింది.

పక్క కుర్చీలో ముసలాయన. వారం నుంచీ అమెరికాలోని ఈ పిస్కాటవే లైబ్రరీలోనే కూర్చుంటున్నాడు. ఎవరి తండ్రో పాపం, ఇంట్లో తోచక వస్తున్నాడనుకుంది.

"ఎలుకలవే అంకుల్. ఫీల్డ్ వాళ్లు ఫొటోలు తీసి పంపారు."

"ఎలుక మట్టిని ఒక పక్కకి తోస్తాది. పీతైతే చుట్టూ ఉండలు పెడతాది. సరిగ్గా చూడు."

దేదీప్యకు ఒళ్లు మండింది. గోదావరి పొలాల్లో ఎలుకలు ఎంత వరి తింటున్నాయో తేల్చడమే ఆమె థీసిస్. శుక్రవారానికి రిపోర్ట్ ఇవ్వాలి. లెక్క తప్పితే ఫండింగ్ పోతుంది. ఫండింగ్ పోతే పెట్టె సర్దుకుని ఇంటికి తిరిగెళ్లడమే.

"ప్లీజ్ అంకుల్, నన్ను వర్క్ చేసుకోనివ్వండి."

ఆయన నొచ్చుకోలేదు.

"చేసుకోమ్మా. సాయంత్రం అన్నీ బురదతో మూసెయ్యమను. పొద్దున తెరుచుకున్న వాటిల్లోనే ఎలుక ఉన్నట్టు" అని మెల్లగా లేచి వెళ్లాడు.

మర్నాడు ఆయన రాలేదు. దేదీప్య హమ్మయ్య అనుకుంది.

అనుకుందే గానీ ఆ మాట మనసును తొలుస్తూనే ఉంది. ఫొటోలు పెద్దవి చేసి చూసింది. సగానికి సగం బొరియల చుట్టూ మట్టి ఉండలే!

వెంటనే ఫీల్డ్ వాళ్లకి ఫోన్ చేసి బొరియలు మూయించింది. పొద్దునకి ఆరువందల్లో తెరుచుకున్నవి తొంభై. కూర్చుని రిపోర్టంతా తిరగరాసింది. శుక్రవారం గండం గడిచింది.

ఆయనకోసం మైసూర్‌పాక్ కొని రోజూ లైబ్రరీకి తీసుకెళ్లింది. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. విసుక్కున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

పదిహేను రోజుల సెలవు తర్వాత గైడ్ పద్మనాభంగారు ఉన్ని టోపీతో వచ్చారు. రిపోర్ట్ చదివి ఒకచోట ఆగిపోయారు.

"ఈ పీతల సంగతి నీకెవరు చెప్పారు?"

"లైబ్రరీలో ఒక పెద్దాయన, సార్. నేను విసుక్కున్నాను. పేరైనా అడగలేదు. థీసిస్‌లో థాంక్స్ చెప్పుకోవాలని ఉంది, ఎవరో తెలీదు."

పద్మనాభంగారు టోపీ తీసి బల్లమీద పెట్టారు.

నున్నగా గుండు.

"వీరభద్రం అని రాయమ్మా" అన్నారు, కళ్లు తుడుచుకుంటూ. "గట్ల వెంట ఎలుకలు పట్టి, నన్ను ఇంతవాణ్ణి చేసిన మా నాన్న."