రాజమణి కండెల డబ్బాలు

“ఇది మిరపపండు కాదు బిడ్డా. ఏందో బారెడు చుక్కలున్నయి, నాకు సమజైతలేదు,” అంది రాజమణి, ఎర్ర పట్టు పెట్టే రేకు డబ్బా మీది అట్టముక్కను మళ్ళీ వేలితో తడుముతూ.

హారిక ల్యాప్‌టాప్‌ను ఒళ్ళోకి లాక్కుంది. తెలుగు మాట ఇస్తే బ్రెయిలీ చుక్కలుగా మార్చి ఇచ్చే ఫంక్షన్ ఒకటి, ఉచితంగా దొరికే ఓ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో ఉంది. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న హారిక దాన్నే నమ్ముకుని, సెలవు పెట్టి గద్వాల వచ్చింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఈ గండం గట్టెక్కించాల్సిన బాధ్యత కూడా తనదేననుకుంది.

షుగరుతో అమ్మ రాజమణి చూపు మెల్లమెల్లగా పోయి ఏడాది దాటింది. నడుమ కొన్నాళ్ళు కూతురి దగ్గరుండి, ఓ టీచరమ్మ వద్ద పట్టుబట్టి బ్రెయిలీ చదవడం నేర్చుకుంది గానీ రాయడం ఇంకా చేతికి రాలేదు. పెండ్లయినప్పటి నుంచీ ఆమెకు ఒక్కటే పని. భర్త పరమేశ్వర్ మగ్గం గుంతలో కూర్చుంటే, పక్కన పీట వేసుకుని చీర మీది బుటాలకు కావలసిన రంగు పట్టుదారం చుట్టిన కండెలు అందించడం. కండ్లు పోయినా ఆ పీట వదల్లేదు. డబ్బాల వరుస గుర్తుపెట్టుకుని అందిస్తూ వచ్చింది.

పోయిన నెల ఆ వరుస ఎక్కడో తారుమారైంది. ఆకుపచ్చగా ఉండాల్సిన బుటాలన్నీ ఎర్రగా వచ్చాయి. పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు దయాకర్ ఆ చీరను అరుగు మీద పరిచి, పెండ్లోళ్ళకు ఏం మొఖం పెట్టుకుని చూపియ్యాలె అని వాడకట్టంతా వినేలా అడిగాడు. మగ్గం కూడా అతనిదే. ఇంకో చీర ఇట్లనే వస్తే విప్పుకుని పోతానన్నాడు.

ఆ సంగతి ఫోన్లో విన్నప్పుడు హారిక, బాపుకు కండ్లు మంచిగనే ఉన్నయి గదా, కండెలు తనే తీసుకోమను అని అమ్మకు చెప్పింది. పక్కనే ఉన్న పరమేశ్వర్ ఫోన్ గుంజుకున్నాడు.

“మీ అమ్మ ఇయ్యకుంటే నా చెయ్యి నడ్వది,” అని పెట్టేశాడు.

హారికకు ఆయన మనసు అర్థమైందనిపించింది. తప్పు రంగు కళ్ళెదుటే పడుతున్నా, చెప్తే ఆమె నొచ్చుకుంటుందని కిక్కురుమనకుండా చీరంతా నేసిన మనిషి. ఆయన కోసమైనా అమ్మ చేతికి ఆ పని మళ్ళీ రావాలనుకుంది.

ఇప్పుడు తెర మీద తప్పు దొరికింది. ఫంక్షన్‌కు తెలుగు మాట ఇచ్చింది గానీ, భాష తెలుగని చెప్పడం మరిచింది. అది ఇంగ్లీషనుకుని, తెలియని ఒక్కో అక్షరానికి ఓ పొడుగాటి గుర్తు పెట్టేసింది. భాష మార్చింది. మాట చిన్నదై వచ్చింది. కొత్త అట్ట తీసుకుని, వెనకవైపు నుంచి చుక్కల్ని తిరగేసి దబ్బనంతో గుచ్చింది.

రాజమణి వేలు వాటి మీద నిదానంగా నడిచింది.

“మి... ర... ప... మిరపపండు.” ఆమె ముఖం విప్పారింది. “ఇగ మామిడాకుది ఇయ్యి. నేరేడుది ఇయ్యి.”

హారిక పట్టును తన కళ్ళతో చూసి వేరుచేసి, రంగుకొక డబ్బాలో సర్ది, డబ్బాకొక అట్ట అంటించింది. చీర నేసినన్నాళ్ళూ వెనకే నిలబడి చూసింది. నాలుగు బుటాలకోసారి పరమేశ్వర్ తల తిప్పి, “సక్కగ పడుతున్నయా బిడ్డా?” అని అడిగేవాడు. అమ్మ తప్పు కండె ఇయ్యలేదని కూతురి నోట వినిపించాలని ఆయన ఆరాటం అనుకుని, హారిక ప్రతిసారీ గట్టిగా, అమ్మకు వినబడేలా, సక్కగనే పడుతున్నయని చెప్పింది.

దయాకర్ వచ్చాడు. చీరను వెలుతురులో పరిచి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఇంకో చీరకు పట్టు సంచిలోంచి తీసి పెట్టి, కూర్చుని చాయ్ అడిగాడు.

అతను వెళ్ళాక పరమేశ్వర్ చాలా రోజులకు కూనిరాగం తీస్తూ మగ్గం గుంతలోకి దిగాడు. వంటింట్లో తల్లీబిడ్డలు గోడకానుకుని కూర్చున్నారు. ఇద్దరికీ గుండెల మీది బరువు దిగింది.

“అమ్మా, నువ్వంటే బాపుకు ఎంత పాయిరమే. ఎర్ర కండెని తెలిసి గూడ, నీకోసం గా చీరంత అట్లనే నేసిండు,” అంది హారిక.

రాజమణి నవ్వింది. మగ్గం చప్పుడు ఆగకుండా వస్తోందో లేదో ఓ క్షణం చెవి పెట్టి విని, కూతురి చెవి దగ్గరికి వంగింది.

“పుట్టినకాన్నుంచి మీ బాపుకు ఎరుపు, ఆకుపచ్చ ఒక్కతీర్గనే కనబడ్తయి బిడ్డా.”