చెక్క మెట్టు

"నాలుగోది కూడా బోడైపోయింది. తీసుకో నీ చెత్త!"

బ్రెంటన్ విసిరిన బ్లేడు నెవ్ సామాన్ల కొట్టు కౌంటరు మీద చుట్లు విప్పుకుని జారి కింద పడింది.

ఇనుము కోసే బ్యాండ్‌సా బ్లేడది. అంచంతా పళ్ళున్న పొడుగాటి ఉక్కు పట్టీ. నెల్లాళ్ళు ఆడాల్సింది పూటకే అరిగిపోయింది.

"ఒరేయ్, పోర్ట్ లింకన్ రేవులో అందరూ ఇవే కొంటున్నారు. ఒక్కడూ తిరిగి తేలేదు," అన్నాడు నెవ్. "నీ పాత రంపంలోనే ఏదో తేడా ఉంది."

"నోరు మూస్తావా? అది ఎవరి రంపమో తెలుసా? హార్ట్విగ్‌ది!"

తెలియకేం? ఆ రేవులో సగం పడవల ఇనుపపని హార్ట్విగ్ షెడ్డులోంచి వచ్చిందే. ఆయన షెడ్డులో కోసిన రెండు ముక్కల్ని ఆనిస్తే మధ్యలో కాగితం దూరదు. 'హార్ట్విగ్ కోత' అంటే అంత పేరు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. నెవ్ కొట్టులోకి ఎప్పుడొచ్చినా గుమ్మం దగ్గర తల వంచాల్సిందే. మొన్న చలికాలంలో కన్నుమూశాడు.

ఆయన రంపాన్ని వేలంలో బ్రెంటన్ పట్టుబట్టి కొన్నాడు. కాలిపోయిన మోటారుని తనే విప్పి బాగుచేశాడు. ఒళ్ళంతా నీలిరంగు కొట్టాడు. పేపర్లో వచ్చిన హార్ట్విగ్ ఫొటో కత్తిరించి, సరిగ్గా దాని పైన గోడకి అంటించాడు.

ఇంత చేస్తే ఆ రంపం ఇప్పుడు పరువు తీస్తోంది. శుక్రవారానికల్లా స్టిపే అనే ఆసామి రొయ్యల పడవకి వల చట్రాలు అందాలి. అందకపోతే పడవ సీజనుకి కదలదు. ఇక ఆ రేవులో బ్రెంటన్‌ని పిలిచి పని చెప్పేవాడుండడు. ఇవాళ బుధవారం.

"ఏదీ, ఇటియ్యి అబ్బాయ్."

వెనక నిలబడ్డ ముసలామె వంగి బ్లేడు తీసింది. మనిషి ఎంత పొట్టిదంటే, గడ్డం కౌంటరుకి ఆనుతుంది. పళ్ళ మీద బొటనవేలు నడిపించింది.

"మొనల ముందువైపు కాదు, వెనకవైపు అరిగింది. నీ రంపం ఎదురు తిరుగుతోంది. మోటారు విప్పావా?"

"విప్పితే?"

"రెండు వైర్లు అటుదిటు కలిపేసి ఉంటావు. చక్రం పక్కన బాణం గుర్తుంటుంది, చూసుకో."

బాణం మీద రంగు కొట్టేసిన సంగతి గుర్తొచ్చింది. బ్రెంటన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ముప్ఫై ఏళ్ళుగా ఇనుముతో ఛస్తున్నా. నాకు చెప్పడానికి నువ్వెవతివి?"

"ట్రూడీ గారురా. హార్ట్విగ్ భార్య," అన్నాడు నెవ్. "కాస్త మర్యాదగా మాట్లాడు."

"అయితే ఏంటట? ఆయన చెబితే కాళ్ళ దగ్గర కూర్చుని వింటా. ఆయనకి సాండ్‌విచ్‌లు చేసిపెట్టినావిడ చెబితే కూడా వినాలా?"

ట్రూడీ మొహంలో కోపం కనపడలేదు.

"వినకపోతే మానెయ్. నేను నీకోసమే వెతుకుతున్నా. రంపంతో పాటు ఓ చెక్క మెట్టు వచ్చిందే, పీటలాంటిది, అది ఇచ్చెయ్. రేపు పొద్దున్న బస్సుకి అడిలైడ్ వెళ్ళిపోతున్నా, మా అమ్మాయి దగ్గరికి. మళ్ళీ రాను."

"ఆ పాత చెక్కతో నీకేం పని?"

"అది నాది."

"నీదెట్లా అవుతుంది? వేలంలో వచ్చిందంతా నాదే. ఇవాళ మెట్టంటావు, రేపు రంపమే కావాలంటావు. వెళ్ళు వెళ్ళు!"

ట్రూడీ తన చేతిలోని ఆ బారెడు పట్టీని ఒక్క విసురుతో మూడు చుట్లుగా మడిచి, కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. బ్రెంటన్‌కి ఆ మడత మోకాలు అడ్డం పెట్టినా ఇప్పటికీ కుదరదు. కోపంలో అది అతని కంటికే ఆనలేదు.

"ఆవిడ చెప్పింది ఓసారి చూడరా," అన్నాడు నెవ్.

"నువ్వు బ్లేడ్లు ఇయ్యి. సలహాలొద్దు."

రెండు బ్లేడ్లు పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. వచ్చీ రాగానే సుత్తి తీసి ఆ మెట్టుని పగలగొట్టాడు. రమ్మను, ఇప్పుడొచ్చి అడగమను! మధ్యాహ్నం ఆ చెక్కలు రాజేసి, ఆ మంట మీదే సాసేజీలు కాల్చుకుని తిన్నాడు.

సాయంత్రానికి ఐదో బ్లేడు కూడా పొగలు కక్కి మూలపడింది.

గురువారం పొద్దున్న మిగిలింది ఒక్కటే. ఆఖరిది. ఎందుకైనా మంచిదని పాడైన బ్లేడుని వెలుతురులో పెట్టి చూశాడు. పళ్ళు వెనకవైపే అరిగి మెరుస్తున్నాయి.

ముసలిదాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నీలిరంగు గీకాడు. బాణం బయటపడింది. చక్రం దానికి ఎదురుగానే తిరుగుతోంది. వైర్లు మార్చి, ఆఖరి బ్లేడు తగిలించి మీట నొక్కాడు.

రంపం జున్నుముక్క కోసినట్టు పైపుని కోసింది. రెండు ముక్కలు ఆనించి చూశాడు. కాగితం దూరలేదు!

హమ్మయ్య, గండం గడిచింది. గోడమీది ఫొటో ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"శభాష్ గురువా! ఇంట్లో ఆవిడకి కూడా కాస్త నేర్పావన్నమాట."

టీ నీళ్ళు పెడదామని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. మెట్టు తాలూకు పై పలక ఒక్కటే కాలకుండా మిగిలింది. మంటలో పెట్టబోతుంటే వేళ్ళకి ఏదో తగిలింది.

ఏళ్ళ తరబడి ఎవరో నిలబడ్డ చోట, చెక్క రెండు గుంటలుగా అరిగి ఉంది. అందులో తన బూటు పెట్టి చూశాడు. సగం కూడా పట్టలేదు.

తలెత్తి ఫొటో చూశాడు. దూలం తగలకుండా మెడ వంచుకుని హార్ట్విగ్ నవ్వుతున్నాడు.

అంత పొడుగు మనిషికి మెట్టెందుకు?

బ్రెంటన్ గబగబా గడియారం వైపు తిరిగాడు. అడిలైడ్ బస్సు వెళ్ళి గంటయింది.

ఊరు ఊరంతా మెచ్చిన హార్ట్విగ్ కోత, ఇన్నేళ్ళూ ఆ మెట్టెక్కి నిలబడి ట్రూడీ కోసినదే.